జిడ్డు డబ్బా

"బాబాయ్, ఇది రక్తంలో వస్తుందా?"

ఆయన జబ్బు నాకు వస్తుందా అని కాదు నా భయం. నా ఒళ్లో నిద్రపోతున్న దానికి వస్తుందా అని. పాప పుట్టినప్పటి నుంచి ఈ ప్రశ్న నా గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆ ఆదివారం పొద్దున బాబాయి గదిలో కూర్చున్నప్పుడు ఆపుకోలేక కక్కేశాను.

"ఉండరా, ముందు నన్ను ఇది చూడనీ," అంటూ ఆయన కిటికీ మీదున్న మూత డబ్బా అందుకున్నాడు.

పాపను ఎత్తుకుని గుమ్మం బయటికి పరిగెత్తాను. ఆ డబ్బాలో ఏముందో నాకు తెలుసు. హోటల్ వంటింటి కింద నెలల తరబడి పేరుకున్న జిడ్డు. బూడిద రంగులో, మెత్తగా, పైన చిన్న చిన్న బుడగలతో ఉంటుంది. కుళ్లిన గుడ్డునీ పులిసిన పాలనీ తడిసిన కుక్కనీ ఒకే సంచిలో వేసి ఎండలో పెట్టినట్టుంటుంది దాని కంపు.

బాబాయి మూత తీసి, డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి గట్టిగా పీల్చాడు. మొహం పిండిన గుడ్డలా ముడుచుకుపోయింది. "థూ! దీని జిమ్మడ! మనుషులు తినేది దీన్నేనా?" అని మూత బిగించి, చేతులు సబ్బుతో తోముకుని, తుడుచుకుంటూ బయటికొచ్చాడు. తలంటి పోసుకున్నవాడిలా హాయిగా ఉన్నాడు.

"బాగున్నాన్రా," అన్నాడు.

నా ప్రశ్నకు మాత్రం ఆ రోజు జవాబు రాలేదు. పాప లేచి ఏడవటంతో నేనూ మళ్లీ అడగలేదు.

ఆయన మా నాన్న తమ్ముడు. హోటళ్ల వంటిళ్లలో పొగగొట్టాలు గీకడం, నేల కింది జిడ్డు తొట్లు ఖాళీ చేయడం ఆయన పని. వంట పాత్రలు కడిగిన నీళ్లు మురుగులోకి పోయే ముందు ఆ తొట్టిలో ఆగుతాయి. నూనె పైకి తేలి గడ్డకడుతుంది. దాన్ని ఎవరో ఒకరు తీయాలి. బాబాయీ, 'నిచ్చెన' అని అందరూ పిలిచే ఆయన జతగాడూ కలిసి తీస్తారు. నిచ్చెన ఎంత పొడుగంటే, పొగగొట్టం గీకడానికి నిచ్చెన వేసుకోనక్కర్లేదు. బాబాయి పొట్టి. "ఒకడు పైకంపు, ఒకడు కిందికంపు" అని హోటల్ వంటవాళ్లు వేళాకోళం చేస్తారు. ఎన్నిసార్లు స్నానం చేసినా బాబాయి మెడ మడతల్లో ఆ వాసన ఉంటుంది. చిన్నప్పుడు ఆయన ఎత్తుకుంటే ఊపిరి బిగపట్టేవాణ్ని.

మనిషి నోరు మంచిది కాదు. పని మొదలు పెట్టిన దగ్గర్నుంచి ముగిసేదాకా తిడుతూనే ఉంటాడు. నూనెని, వంటవాణ్ని, తినేవాళ్లని, వాళ్ల నాలుకల్ని. మా ఇంటికొస్తే గ్లాసు వెలుగులో పెట్టి చూసి, "వదినా, ఇది కడిగావా, కడిగినట్టు నటించావా?" అంటాడు. మా అమ్మకి అక్కడే మండుతుంది. "జిడ్డులో మునిగేవాడికి నా గ్లాసు మురికిగా కనిపించిందా? అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, ముందు నీ మెడ చూసుకో," అంటుంది. ఇద్దరూ అలా కసురుకుంటుంటే ఇల్లు ఇల్లులా ఉన్నట్టు లెక్క.

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి ఆయన తిట్టడం మానేశాడు. నిద్రా మానేశాడు. వీధిలో ప్రతి ఇంటి ముందూ మురుగుకాలవ మూత ఎత్తి, వట్టి చేతులతో తోడటం మొదలుపెట్టాడు. "అంతా శుభ్రంగా ఉంది, ఇంకొంచెం చేస్తే ప్రపంచమంతా కడిగేసినట్టే," అని నవ్వేవాడు. ఆ చేతులతోనే తినేవాడు. మేడల మీద నుంచి జనం సినిమా చూసినట్టు చూశారు. ఒకాయన పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపించాడు. చివరికి నలుగురు మగాళ్లు పట్టుకుని, సామాను కట్టే తాడుతో కట్టి, వ్యానులో వేసి తీసుకెళ్లారు. వ్యాను కదిలాక కూడా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ మురుగు నన్ను అంత బాధపెట్టలేదు. మేడల మీది మొహాలు తలచుకుంటే ఇప్పటికీ ఉమ్మేయాలనిపిస్తుంది.

బాబాయికి ఆ తాడు మర్చిపోవడం చేతకాలేదు. మణికట్టు మీద మచ్చలు మానాక కూడా పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేవాడు. తేరుకున్నాక ఆయనకి చికిత్స చేసే డాక్టరమ్మ, బాగున్న రోజుల్లోనే కూర్చుని ఒక ఏర్పాటు చేసుకోమంది. మళ్లీ జబ్బు వచ్చేముందు ఏం కనిపిస్తుంది, అప్పుడు ఎవరు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నవి ముందే చెప్పి పెట్టుకోవడం. ఆ రోజు తోడుగా నేనూ వెళ్లాను.

"బాగున్నప్పుడు మీరు ఎలా ఉంటారు?" అని అడిగింది ఆవిడ.

"తిడుతూ ఉంటానమ్మా."

ఆవిడ నవ్వలేదు. "ఇంకా?"

"నాకు అన్నీ కంపు కొడతాయి. తొట్టి మూత తీస్తే వెనక్కి గంతేస్తాను. లోపలి విషపు గాలి పోయేదాకా దగ్గరికి పోను. ఈ పనిలో అసహ్యం లేనివాడు ముందు చస్తాడు. ఆసారి నాకు అసహ్యం పోయిందమ్మా. మొదట పోయింది అదే. నిద్ర తర్వాత పోయింది."

ఒక్కొక్కరికీ గుర్తులు ఒక్కోలా ఉంటాయని, మీ గుర్తు మీకే తెలుస్తుందని ఆవిడ అంది. దాన్ని పట్టుకునే ఆయన డబ్బా పెట్టుకున్నాడు. మందులు మందులే, డబ్బా డబ్బానే. తొట్టి నుంచి ఎప్పటికప్పుడు కొత్త జిడ్డు తెచ్చి నింపుతాడు. ఆదివారం పొద్దున మూత తీసి వాసన చూస్తాడు. మొహం ముడుచుకుంటే బాగున్నట్టు.

నాకు అది వింతగా అనిపించలేదు. నేను పనిచేసేది తాగునీళ్లు పరీక్షించే ల్యాబులో. రోజూ మంచి నమూనాలతో పాటు, తెలిసి తెలిసి ఒక మురికినీళ్ల నమూనా కూడా పెడతాం. దానికి కూడా 'శుభ్రం' అని వచ్చిందంటే చెడింది నీళ్లు కాదు, మా పరీక్ష. ఈ మాట చెబితే బాబాయి తొడ చరిచి, "చూశావా, నా ముక్కు కూడా సర్కారు ల్యాబేరా!" అన్నాడు.

ఏర్పాటులో మాకు తలో పని ఒప్పజెప్పాడు. నిచ్చెన పనిలో చూడాలి. అమ్మ కంచం దగ్గర చూడాలి. వాళ్లకి అనుమానం వస్తే నాకు చెప్పాలి. నేను ఆయన దగ్గరికి వెళ్లి, "బాబాయ్, డబ్బా మూత తీద్దాం," అనాలి. పిచ్చి అనకూడదు, జబ్బు అనకూడదు. ఆ ఒక్క మాటే.

"అప్పుడు నిన్ను బండబూతులు తిట్టొచ్చు. లేకపోతే ముద్దు పెట్టుకోవచ్చు. రెండూ నమ్మకు," అన్నాడు. తర్వాత చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కుని, "తాడు మాత్రం వద్దురా. చచ్చినా వద్దు. నా కాళ్లతో నేను నడిచి పోవాలి. అంతే నేను అడిగేది," అన్నాడు.

పాప పుట్టాక నా బతుకు మొత్తం పాలకక్కులు, తడిగుడ్డలు, పసుపు మరకలు. సైన్సు చదివినవాడికి ప్రతి మరకలోనూ కదిలే ప్రాణులు కనిపిస్తాయి. చేతులు కడిగీ కడిగీ వేళ్ల సందుల్లో తోలు పగిలింది. మరిగించిన పాలసీసాని మళ్లీ మరిగించేవాణ్ని. అదే సమయంలో మా ఆఫీసులో 'మానసిక ఆరోగ్య వారం' అని పెట్టారు. గోడలకి నవ్వుమొహాల బొమ్మలు, బెలూన్లు. కోటు వేసుకున్న ఒకాయన వచ్చి, పక్కవాడి చెయ్యి పట్టుకుని "నేను ఆనందంగా ఉన్నాను" అని అందరితో గట్టిగా అనిపించాడు. నా పక్కవాడి చెయ్యి చెమటతో జిగటగా ఉంది. అంతకంటే జిగటగా ఉంది ఆ మాట. ఇంటికొచ్చి మోచేతుల దాకా కడుక్కున్నాను.

సరిగ్గా అప్పుడే బాబాయి మంచివాడయ్యాడు.

మొదట సంబరపడింది అమ్మే. "చూశావా, మీ బాబాయి ఎంత మారిపోయాడో! వారమైంది ఒక్క తిట్టు లేదు, ఒక్క చీదరింపు లేదు. నా గ్లాసుకి వంక పెట్టలేదు. ఇన్నాళ్లకి దేవుడు బుద్ధిచ్చాడు," అంది. మా ఆవిడ కూడా మురిసిపోయింది. ఆయన పాపకి బొమ్మలు తెచ్చాడు. అమ్మకి చీర తెచ్చాడు. పక్కింటి వాళ్ల మెట్లు కడిగిపెట్టాడు. కంచం దగ్గర కనిపెట్టి చూడాల్సిన మనిషే ఆ కంచంలో ఇంకో ముద్ద వేసి, "తిను మరిదీ, ఇప్పుడు మనిషిలా ఉన్నావు," అంది. జీవితమంతా ఆ నోటితో వేగిన మనిషికి తీపి మాట దొరికితే అనుమానం ఎలా వస్తుంది?

ఆదివారం మధ్యాహ్నం బాబాయి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. ఒళ్లో పాప. ఉన్నట్టుండి అది భళ్లున కక్కింది. ఆయన కుడి చెయ్యి మీద, వేళ్ల సందుల్లో విరిగిన పాలు. పుల్లటి వాసన నా దాకా వచ్చింది.

"బంగారం!" అన్నాడు బాబాయి నవ్వుతూ. చెయ్యి విదిలించి, అదే చేత్తో కంచంలోది కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఎంత ప్రేమో చూడు!" అంది అమ్మ.

నాకు డోకు వచ్చింది. స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే ఫోను మోగింది. నిచ్చెన.

"తమ్ముడూ, చెప్పాలా వద్దా అని నిన్నటి నుంచి కొట్టుకుంటున్నా. నిన్న మీ బాబాయి తొట్టి మూత తీసి తీయగానే లోపలికి వంగిపోయాడు. వెనక్కి గంతెయ్యలేదు. నేను కాలర్ పట్టుకు లాగాను కాబట్టి సరిపోయింది. ఏంటన్నా ఇది అంటే, 'కంపేం లేదురా' అన్నాడు. కంపు లేదట! ఆ కంపుకి వీధిలో పిల్లులు కూడా పారిపోయాయి."

నిచ్చెనని బాబాయి గది కిందికి రమ్మని చెప్పి, ముందు గదిలోకి వచ్చేసరికి బాబాయి అందరి కంచాలూ తీస్తున్నాడు.

"బాబాయ్, డబ్బా మూత తీద్దాం."

అమ్మ నా వైపు ఉరిమి చూసింది. "పండగలా కూర్చుంటే ఇప్పుడా ఆ పాడు డబ్బా! నీకేమైనా మతిపోయిందా?"

బాబాయి మాత్రం నవ్వాడు. "పొద్దున్నే తీశాన్రా సైంటిస్టూ. చూశాను. కంపు కొట్టింది. తిట్టాను కూడా."

"ఎవరైనా ఉన్నారా?"

"వాసన చూడటానికి సాక్షులెందుకురా? పెళ్లా?"

"ఇంకోసారి తీద్దాం. నా కోసం."

ఆయన గది రెండు వీధుల అవతల. దారంతా అమ్మ నన్ను తిడుతూనే వచ్చింది. "మనిషి బాగుపడితే ఓర్వలేరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో!" అంటూ. బాబాయి ముందు ముందు నడుస్తూ, దారిలో కనిపించిన ప్రతివాణ్నీ పలకరించాడు.

గదిలో డబ్బా నా చేతికిచ్చాడు. నేనే మూత తీశాను. కళ్లలోంచి నీళ్లు కారాయి. అమ్మ పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడకి జరిగింది. కిందింటివాళ్ల కిటికీ దబ్బున మూసుకుంది.

బాబాయి డబ్బా అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నిదానంగా పీల్చాడు. "ఛీ, కంపు," అన్నాడు.

మాట సరిగ్గానే వచ్చింది. మొహం రాలేదు. ఒక్క మడత లేదు. కనుబొమ్మ కూడా కదలలేదు. పాప తల వాసన చూసే మనిషిలా ఉన్నాడు.

అమ్మ పైట జారిపోయింది. "మరిదీ..." అంది.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అన్నాను కదా కంపని?"

"అన్నావు బాబాయ్."

"మరి నా మొహం ఎలా ఉంది?"

"పువ్వు వాసన చూసినట్టుంది."

బాబాయి మొహం మీది నవ్వు అప్పుడు వదిలింది. డబ్బా గోడకి విసిరికొట్టాడు. జిడ్డు నా చొక్కా మీద, మెడ మీద, పెదవి మీద పడింది. నన్నూ, మా నాన్ననీ, పుట్టని తరాల్నీ కలిపి తిట్టాడు. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది, తిడుతున్నాడు కదా అని. ఆ వెంటనే దగ్గరికొచ్చి నా తల పట్టుకుని, జిడ్డుతో సహా నుదుటి మీద ముద్దు పెట్టాడు. "నాకేం కాలేదురా నాన్నా, వెళ్దాం పద, కంచాలు కడగాలి," అన్నాడు. తిట్టినా ముద్దుపెట్టినా నమ్మకు అన్నవాడు ఆయనే. నా పెదవి మీద ఆ రుచి ఉంది. ఉమ్మలేదు, తుడవలేదు. కదిలితే ఆయన కూడా కదిలిపోతాడని భయం.

"చెప్పులేసుకో బాబాయ్," అన్నాను.

"తాడు తెచ్చావా?"

"లేదు."

"నలుగురు మగాళ్లు?"

"నిచ్చెన ఒక్కడే. కింద ఉన్నాడు."

నిచ్చెన నిజంగానే వచ్చి వీధిలో నిలబడ్డాడు. కిటికీ దాకా తల ఎత్తి, "అన్నా, దిగుతావా, నేనే చెయ్యి పెట్టి దింపనా?" అన్నాడు. బాబాయి కిటికీలోంచి చూసి, "ఆ చెయ్యి కడుక్కుని పెట్టు, వెధవా," అన్నాడు. పొడుగు చేతుల చొక్కా గుండీలు ఒక్కొక్కటీ పెట్టుకున్నాడు. చెప్పులేసుకున్నాడు.

ఆస్పత్రి దూరం కాదు. ఆ రోజు మాత్రం దారి సాగలేదు. కాలవ మూత కనిపించినప్పుడల్లా బాబాయి ఆగి వంగబోయేవాడు. నిచ్చెన మూత మీద తన పెద్ద పాదం పెట్టి, "ఇది నాది, నేను చూస్తాలే," అనేవాడు. ఒక చోట మేడ మీద నుంచి ఇద్దరు తొంగిచూశారు. అమ్మ తల పైకెత్తి, "ఏం, మీ ఇంట్లో అద్దం లేదా?" అని అరిచింది. వాళ్లు లోపలికి పోయారు. అమ్మ మరిది చెయ్యి పట్టుకుంది. జిడ్డు చెయ్యి. వదల్లేదు.

గేటు దగ్గర కాపలావాడు చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. బాబాయి దాన్ని పక్కకి నెట్టి, మెట్లెక్కి, తన కాళ్లతో లోపలికి నడిచాడు.

తర్వాతి వారాలు బాగాలేవు. మందులకి ఆయన నాలుక మొద్దుబారింది, చేతులు వణికాయి, మొహం మైదాముద్దలా అయింది. ఆ వార్డంతా ఫినాయిలూ మూత్రమూ ఉడకబెట్టిన గుడ్డల వాసన. నేను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునేవాణ్ని. ఆయన మాత్రం గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. నేను వెళ్లినప్పుడల్లా ఆ మొహం వైపే చూసేవాణ్ని, మడత కోసం. ఇంటికొచ్చి పాలసీసాలు మరిగించేవాణ్ని. మళ్లీ మరిగించేవాణ్ని. మా ఆవిడ చూస్తూ ఊరుకునేది.

ఒక పొద్దున నేనూ నిచ్చెనా వెళ్లేసరికి బాబాయి మరుగుదొడ్డి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముక్కు రెండు వేళ్లతో మూసుకుని, మొహమంతా ముడతలు పెట్టి, "థూ! పశువులు కూడా పోవురా ఇందులో! ఎవడు కడిగాడు దీన్ని? కడిగాడా, కడిగినట్టు నటించాడా?" అని అరుస్తున్నాడు. నర్సమ్మకి కోపమొచ్చింది. నిచ్చెన మాత్రం గోడకి ఆనుకుని, అంత పొడుగు మనిషీ కూలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారం పాపను తీసుకుని వెళ్లాను. కొత్త డబ్బా, కొత్త జిడ్డు. ఆయన మూత తీయలేదు. మా అమ్మ కోసం చూస్తున్నాడు. ఇప్పుడు ఆవిడ లేకుండా తీయడు.

మళ్లీ అడిగాను. "ఇది రక్తంలో వస్తుందా బాబాయ్? డాక్టరమ్మ అయితే, వచ్చే అవకాశం కొంచెం ఎక్కువే, కానీ తప్పకుండా వస్తుందని కాదు, అంది. ఆ 'కొంచెం' నన్ను నిద్రపోనివ్వడం లేదు."

ఆయన నా చేతులు అందుకుని వెలుగులో పెట్టి చూశాడు, గ్లాసు చూసినట్టు. పగిలిన వేళ్ల సందులు, ఎర్రటి పొరలు. మొహం చిట్లించాడు.

"ఛీ. ఏంట్రా ఈ చేతులు? రక్తం సంగతి నాకు తెలీదు. నాకు అసహ్యం తగ్గితే జబ్బు. నీకు ఎక్కువైతే జబ్బేమో, ఎవడు చూశాడు. ఎవరి డబ్బా వాళ్లది. డాక్టరమ్మకి ఈ చేతులు కూడా చూపించు." చేతులు వదిలేసి, డబ్బా వైపు గడ్డం ఎత్తాడు. "ఆ పొద్దున నేను ఒక్కణ్నే తీశాను చూడు, అదే నేను చేసిన తప్పు. కంపు అని నోటితో అన్నాను, నిజమే అనుకున్నాను. ఒంటరిగా వాసన చూడకురా. ముక్కు నీదే, మొహం మాత్రం ఎదుటివాళ్లకే కనిపిస్తుంది."

ఇప్పుడు నేను పాలసీసా మా ఆవిడ ఎదురుగానే మరిగిస్తున్నాను. రెండోసారి పొయ్యి మీద పెట్టబోతే ఆవిడ నా మొహం చూస్తుంది. నేను పొయ్యి ఆపేస్తాను.